నవీన కట్టిన మేడ

“పిల్ల ఏది సారూ?”

జమున అడిగిన మాటకు భానుప్రసాద్ సారు గదంతా కలయజూశాడు. పదిమంది పిల్లలు చెక్క దిమ్మలతో ఇళ్లు కడుతున్నారు. వాళ్లలో ఆమె కూతురు, ఏడేళ్ల నవీన లేదు.

“ఇప్పుడే ఈడ ఉండె కదమ్మా! ఇగో, వంకర మెట్లు, మీద రెండు ట్యాంకులు పెట్టి గీ మేడ కట్టింది. చుట్టూ తిప్పి తిప్పి చూసుకున్నది. బాల్కనీలకు పోయి జరసేపు నిలబడ్డది. నేను గట్ల తిరిగిన, అంతే...”

జమున బాల్కనీలోకి ఉరికి చూసింది, అక్కడా లేదు. హుజూరాబాద్ పక్క పల్లె నుంచి పిల్లను కరీంనగర్‌కు తీసుకురావడం ఇదే మొదటిసారి. ‘మీ పిల్లకు ఆకారాల మీద మంచి పట్టుంది. సెలవు రోజుల్లో అబాకస్‌లో వేస్తారో, డ్రాయింగ్‌లో వేస్తారో, దిమ్మల క్లాసులో వేస్తారో చూసుకోండి’ అని టీచరు చెప్పిన పాపానికి బస్సెక్కింది. అబాకస్ పూసల ముందు నవీన ఆవులించింది. డ్రాయింగ్ క్లాసులో కాసేపు కూర్చుంది. దిమ్మలు చూడగానే అమ్మ చెయ్యి వదిలేసింది. సరే, ఇదే ఖాయం అనుకుని, తిరుగు బస్సు వేళ కనుక్కుందామని జమున కిందికి వెళ్లి పది నిమిషాలు కాలేదు.

మూడంతస్తుల మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. రోడ్డు నిండా ఆటోలు. ఏ ఆటో కదిలినా అందులో తన పిల్లే ఉందేమో అనిపించింది. దుబాయి వెళ్లిన మొగుడికి వాట్సాప్‌లో ఫోన్ చేసింది.

“ఏమయ్యా, నవీన కనబడ్తలేదు! కరీంనగర్‌ల తప్పిపోయింది!”

“కరీంనగర్‌లనా? ఏ జాగల?” అదిరిపడి అడిగాడు లక్ష్మణ్.

“బస్టాండు ఎనక...”

ఫోన్ కట్ అయింది. సముద్రం అవతల ఉన్న మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఆయన్ని కూడా భయపెట్టానే అని ఆమెకు ఏడుపొచ్చింది.

“పసుపు గౌను పొల్లనా?” అంది, ఆ మాటలు విన్న, పక్కనే మక్క కంకులు కాలుస్తున్న ముసలామె. “గా సందులకు పోయింది బిడ్డా. తొవ్వ ఎరుకున్నట్టే పోయింది.”

జమున పరుగెత్తింది. సందు చివర పాత మేడ. మెట్ల మలుపులో నిలబడి నవీన ఒక మూసిన తలుపు వైపు చూస్తోంది. జమున పిల్లను గుండెకు హత్తుకుంది. మరుక్షణమే వీపు మీద ఒక్కటిచ్చింది.

“ఎవరింటికి వచ్చినవే? నా పాణం పోయింది!”

“బాపు ఇంటికే,” అంది నవీన వెక్కుతూ. “శుక్రారం శుక్రారం వీడియో ఫోన్ చేసినప్పుడు బాపు ఎనక గీ వంకర మెట్లే కనబడ్తయి. గా రెండు నీళ్ల ట్యాంకులు గూడ. సారు బాల్కనీలకెల్లి ఎనక దిక్కు నుంచి, కుడిది ఎడమకు ఉల్టా కనబడ్డయి, గంతే!”

“మీ బాపు దుబాయిల ఉన్నడే, పిచ్చిదానా!” జమున మళ్లీ చెయ్యెత్తింది.

తలుపు దడాలున తెరుచుకుంది. తప్పుగా గుండీలు పెట్టుకున్న చొక్కాతో, కాళ్లకు చెప్పులైనా లేకుండా బయటికి ఉరికిన మనిషి, వాళ్లిద్దరినీ చూసి గడపలోనే కూలబడ్డాడు.

“పిల్ల దొరికిందా?” అన్నాడు లక్ష్మణ్. “వీసా ఏజెంటు ముంచిండు జమునా... నేను విమానమే ఎక్కలే.”