అయిదు కాళ్ల పురుగు

"ఆ మట్టిని ఎండబెట్టకమ్మా."

పరిశోధకురాలు తలెత్తి చూసింది. ఇసుక క్వారీలో నీళ్లు తోడే మోటారు నడిపే ముసలాయన, గ్రీజు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

క్వారీ అడుగున నల్లటి బంకమట్టి. ఒకప్పటి నది అడుగు అది. అందులో వేల ఏళ్ల నాటి పెంకుపురుగుల రెక్కలు దొరికితేనే ఆమె మూడేళ్ల పరిశోధన నిలబడుతుంది. రేపు మోటారు ఆపేస్తారు. ఆ మట్టి ఇక నీళ్లపాలే.

"పన్నెండు సంచులు తాతగారూ. తడిమట్టి మా జీపు మొయ్యొద్దూ?"

"ఎండితే రెక్క నుసైపోతుంది."

"మీరు మోటారు సంగతి చూసుకోండి. పురుగుల సంగతి నేను చూసుకుంటా."

ముసలాయన నొచ్చుకోలేదు. ఇంకా పరచని ఒక్క సంచిని తడిగోనెలో చుట్టి, ఆమె వద్దంటున్నా జీపులో పెట్టాడు. దానికో చీటీ కట్టి, పెన్సిలుతో పురుగు బొమ్మ గీశాడు.

ఆమెకు నవ్వొచ్చింది. "పురుగుకి ఆరు కాళ్లుంటాయి. మీరు అయిదే వేశారు."

"ఆరోది ఇంకా దొరకలేదమ్మా," అంటూ మోటారు దగ్గరికి వెళ్లిపోయాడు.

వారం తర్వాత, ప్రయోగశాలలో పదకొండు సంచుల ఎండుమట్టిని నానబెట్టి, జల్లించి, కిరోసిన్ కలిపి నీళ్లు పోసింది. రెక్కలుంటే నూనెతోపాటు పైకి తేలాలి.

తేలింది నుసి.

మిగిలింది గోనెసంచి ఒక్కటే.

ఆ తడిమట్టినీ అలాగే జల్లించి, కిరోసిన్ కలిపి, బకెట్‌లో నీళ్లు పోసింది.

ఒకటి తేలింది. తర్వాత మూడు. తర్వాత లెక్కపెట్టడం మానేసింది. నిన్నగాక మొన్న రాలినట్టు, ఆకుపచ్చగా మెరుస్తున్న రెక్కలు.

వెంటనే క్వారీకి ఫోన్ చేసింది.

"మోటారాయనా? పనైపోగానే వెళ్లిపోయాడండీ. ఎక్కడికో చెప్పలేదు."

మర్నాడు ఒక రెక్క తీసుకుని, అది ఏ పురుగుదో పోల్చుకోవడానికి మ్యూజియంకి వెళ్లింది. క్యూరేటరు ఓ సొరుగు లాగాడు. సూదికి గుచ్చిన పురుగుల వరసలో అచ్చం అలాంటి రెక్కలే ఉన్న పురుగు.

దాని కింద చీటీ. చీటీ మూలన చిన్న బొమ్మ.

ఆమె కాళ్లు లెక్కపెట్టింది. అయిదు.

పక్క చీటీ మీదా అయిదే. ఆ పక్కదాని మీదా.

బ్యాగులోంచి గోనెసంచి చీటీ తీసి బల్లమీద పెట్టింది. "ఇది... క్వారీలో నీళ్లు తోడే మోటారాయన గీశాడండీ."

క్యూరేటరు కళ్లద్దాలు తీసేసి, దాన్ని సొరుగులోని చీటీ పక్కన పెట్టి చూశాడు.

"ఎనిమిదేళ్లుగా ఆయన కోసం వెతుకుతున్నాం," అన్నాడు మెల్లగా. "ఈ గదిలోని పదహారు వేల పురుగుల్నీ ఒంటిచేత్తో పోగుచేసిన మా గురువుగారి సంతకమమ్మా ఇది."