నిలవని ముల్లు

"చూశావా? మళ్ళీ కదిలింది!"

వాల్వుల మాస్టారు మీటరు వైపు చూస్తూ పళ్ళు నూరారు. బల్ల మీద మేనల్లుడి గిటారు యాంప్లిఫయర్ పొట్ట తెరుచుకుని పడి ఉంది. మర్నాడే వాడి కచేరీ. ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో వాయించిన వాడి జట్టు కుర్రాళ్ళకి మొదటిసారి పెద్ద వేదిక దొరికింది.

మేనల్లుడు ఒక తీగ మీటాడు. "నాకు బాగానే వినిపిస్తోంది మావయ్యా."

"నీ చెవికేం, అన్నీ బాగానే ఉంటాయి. ముల్లు అబద్ధం చెప్పదురా. బయాస్ నిలవడం లేదు."

బయాస్ అంటే వాల్వుకి, అంటే యాంప్లిఫయర్‌లో ధ్వనిని పెంచే గాజు గొట్టానికి, వేసే కళ్ళెం. అది వదులైతే వాల్వు మితిమీరి కరెంటు తాగి, ఎర్రగా కాలి, సరిగ్గా పాట మధ్యలో చచ్చూరుకుంటుంది. మాస్టారు బాగుచేసిన యాంప్లిఫయర్ ఇంతవరకూ ఒక్కటీ వేదిక మీద మూగబోలేదు. ఆ పేరు కాస్తా సొంత మేనల్లుడి దగ్గర పోతుందేమోనని ఆయన భయం.

నిజానికి వాడు తెచ్చిన జబ్బు చిన్నదే. గుర్రుమంటోందన్నాడు. ఎండిపోయిన కెపాసిటర్ మార్చగానే గుర్రు పోయింది. చిక్కల్లా ఆ తర్వాతే. బయాస్ కొలవబోతే ముల్లు ఒకచోట కుదురుగా ఉండదు. ఎగురుతుంది, పడుతుంది. మాస్టారు కొత్త వాల్వులు వేసి చూశారు. బయాస్ సరిచేసే చిన్న కంట్రోలు కూడా మార్చేశారు. దాని గాడిలోంచి స్క్రూడ్రైవరు ఒకటే జారడం.

"ఈ కాలం మనుషుల్లాగే ఈ కాలం స్క్రూలూను," అని విసుక్కున్నారు.

లోపల తప్పు దొరక్కపోయేసరికి ఆయన బయటి కరెంటు మీద పడ్డారు. విసవిసా వీధి దాటి వెల్డింగ్ షాపు ముందు నిలబడ్డారు.

"నీ మంటలతో నా వోల్టేజీ ప్రాణం తీస్తున్నావయ్యా!"

"బాగుంది మాస్టారూ! ఇప్పుడేగా తాళం తీస్తున్నాను. ఇంకా స్విచ్చయినా వెయ్యలేదు," అన్నాడు వెల్డరు, తాళంచెవి చూపించి.

మాస్టారు ముఖం చిన్నబుచ్చుకుని వెనక్కి వచ్చారు. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు అన్నీ ఆపించారు. స్టెబిలైజర్ తెచ్చి తగిలించారు. దాని మీదున్న ముల్లు బుద్ధిగా ఒకచోట నిలబడింది. కానీ ఆయన మీటరు తీగ చివరనున్న ఎర్ర ప్రోబ్ పట్టుకుని వాల్వు దగ్గర ఆనించగానే మీటరు ముల్లు మళ్ళీ తైతక్కలాడింది.

"దానికి క్లిప్పు తగిలించి చూడకూడదా మావయ్యా?"

"క్లిప్పులు నేర్చుకునేవాళ్ళకిరా! కుడిచేత్తో ప్రోబ్, ఎడమచెయ్యి జేబులో. అదీ మా గురువు నేర్పిన పద్ధతి. రెండు చేతులూ లోపల పెట్టావంటే కరెంటు గుండెలోంచి పోతుంది."

మాస్టారి భార్య గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తోంది. పొద్దున ఆయన చొక్కా గుండీలు పెడుతున్నప్పుడూ ఆయన వైపు ఇలాగే చూసింది. కాజాలు మరీ ఇరుగ్గా కుట్టి చచ్చాడు ఆ టైలరు, అని మాస్టారు ఈమధ్య గుండీల పని కూడా ఆవిడకే అప్పజెప్పారు.

ముల్లు ఇంకోసారి ఎగిరి పడింది. మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు.

"నావల్ల కాదురా. ఎవరిదైనా ఇంకో యాంప్లిఫయర్ అడిగి తెచ్చుకో."

ఆ మాట అనేశాక ఆయనకే ఏడుపొచ్చినంత పనైంది. మేనల్లుడు బిక్కచచ్చిపోయి అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, అదొక్కసారి నాకివ్వండి."

"నీకేం తెలుసే ఇందులో?"

"ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాగా. ఎక్కడ ఆనించాలో చెప్పండి, చాలు."

వాదించే ఓపిక కూడా లేదాయనకి. వాల్వు పక్కన కొలిచే చోటు చూపించి, "రెండో చెయ్యి జాగ్రత్త," అన్నారు. ఆవిడకి జేబు లేదు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచెయ్యి ఆయన ముందుకు చాచింది.

ప్రోబ్ ఆవిడ చేతిలోకి మారి అదే చోట ఆనగానే మీటరు ముల్లు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది, ఖాళీ అయిన మాస్టారి కుడిచెయ్యి మాత్రం గాలిలో ఇంకా వణుకుతూనే ఉంది.