వంటింటికీ తాళం

"వంటింటికి కూడానా పెద్దమ్మా?" అన్నాడు తాళాల షాపు నుంచి వచ్చినతను, డ్రిల్లు ఆపి.

"ముందు దానికే పెట్టు. వెనక గుమ్మం అటేగా ఉంది" అంది మామ్మ.

వీధి చివరి గోదాములో శరణార్థులు దిగినప్పటి నుంచీ మామ్మకి కంటిమీద కునుకు లేదు. ఏటి అవతల యుద్ధం తరిమేస్తే పిల్లాజెల్లాతో వచ్చిపడ్డ జనం. ఇప్పటిదాకా ఈ వీధిలో పూచికపుల్ల ముట్టింది లేదు. అయినా భయానికి సాక్ష్యంతో పనేముంది? కొడుకూ కోడలూ డ్యూటీలకి పోతే ఇంట్లో మిగిలేది తనూ, మూడేళ్ళ మనవరాలు పాపా.

"ఎవరికి భయపడి ఇన్ని తాళాలు?"

"ఆ గోదాం వాళ్ళకి. ఇంకెవరికి?"

"మీరెప్పుడైనా చూశారా వాళ్ళని?"

"చూడాలా ఏంటి నాయనా? నిప్పు లేందే పొగ వస్తుందా? మొహం చూస్తేనే తెలిసిపోతుందిట. నీలాంటి వాడంటే వేరు. నిన్ను నమ్మి ఇల్లంతా అప్పజెప్పలా?"

అతను తలొంచుకుని స్క్రూలు బిగించాడు. పాప జుట్టు మీద పడ్డ చెక్కపొట్టు ఊదేశాడు.

"తలుపు లాగితే చాలు, తాళం దానంతటదే పడుతుంది. చెవి మాత్రం మెళ్ళో వేసుకోండి."

"మర్చిపోతే?"

"కబురు పెట్టండి. చిటికెలో వచ్చి తీస్తా."

ఆ ఆదివారం వీధివాళ్ళంతా మీటింగు పెట్టారు. గోదాం ఖాళీ చేయించాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు.

మామ్మ రెండు చేతులూ ఎత్తింది.

"ఒకటి చాలు పిన్నీ" అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు.

కొన్నాళ్ళకే ఓ పొద్దున లారీలొచ్చి గోదాం ఊడ్చినట్టు ఖాళీ చేశాయి.

"పీడ విరగడైంది" అనుకుంటూ మామ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. వీధిలో కూరలవాడి కేక విని గుమ్మంలోకెళ్ళింది.

వెనక టక్కుమంది. పాప వంటింటి తలుపు లాగేసుకుంది.

తాళంచెవి లోపలే, పొయ్యి పక్కన ఉంది. వెనక గుమ్మానికీ లోపలే గడియ, పాపకి అందదు.

"మామ్మా, పాలు పొంగుతున్నాయ్!"

మామ్మ వీధి మొదట్లో ఉన్న తాళాల షాపుకి పరుగెత్తింది. "ఒరేయ్, నీ పనివాణ్ణి పిలవరా! పాప లోపలుంది, పొయ్యి వెలుగుతోంది!"

షాపాయన గునపం అందుకుని పరుగు తీశాడు.

దెబ్బ మీద దెబ్బ. తలుపు కదిలితేనా! దొంగలకి లొంగకూడదని ఏరి కోరి వేయించుకున్న తాళమాయె. తలుపు సందుల్లోంచి మాడు వాసన వచ్చింది. పాప ఏడుపు నీరసపడింది.

చివరికి చెక్క పగిలింది. పొగలో బల్ల కింద నక్కి దగ్గుతోంది పాప. గిన్నె మాడి మసైంది గానీ పిల్లకి ఏమీ కాలేదు.

మామ్మ పాపని గుండెకి హత్తుకుంది. ప్రాణం కుదుటపడ్డాక కోపం వచ్చింది.

"అతనుంటే చిటికెలో తీసేవాడు. నా బిడ్డకి ఇంత గండం తప్పేది. అంత పనివాణ్ణి ఎక్కడికి తగలేశావురా?"

షాపాయన చెమట తుడుచుకున్నాడు.

"నేనెక్కడికీ పంపలేదత్తా. పొద్దున గోదాం ముందు పెళ్ళాంబిడ్డలతో లారీ ఎక్కాడు."