నెల దినాలు టీవీ బంద్

భారతి రిమోట్ లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది.

ఐదేళ్ళ కూతురు కుళ్ళాయమ్మ ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"మళ్ళా కుంట కాడికి పోతివా? ఈ పొద్దు టీవీ లేదు. ఇంకోసారి పోతివంటే నెల దినాలు బంద్!"

ఆ పిల్లకు దెబ్బలంటే లెక్కలేదు. అన్నం మాన్పించినా దిగిరాదు. టీవీలో బొమ్మలు లేవంటే మాత్రం ప్రాణం పోయినట్టే. ఆ కిటుకు కనిపెట్టిన దగ్గర్నుంచి భారతికి బెత్తంతో పని లేకపోయింది.

భారతి భయమూ ఉత్త భయం కాదు. వానకు మొహం వాచిన నేల కాబట్టి చేనులో కుంట తవ్వించారు. ఉన్న నీళ్ళు ఇంకిపోకుండా లోపలంతా నల్లపట్టా పరిచారు. దాని మీద కాలు పడితే జారుడే, పెద్దవాళ్ళే పైకి రాలేరు. మొగుడు నరసింహులు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. పిల్లనూ చేనునూ ఆమె ఒక్కతే కాచుకోవాలి.

ఆ వారమే చేనులో గొర్రెల మంద దిగింది. ఎరువు కోసం మందను నిలిపించుకున్నన్నాళ్ళూ కాపరికి రెండు పూటలా సంగటి పెట్టాలి. వచ్చిన కాపరి సోమప్ప, రాయదుర్గం అవతలి మనిషి. అరవై దాటి ఉంటాయి. నెత్తిన పెద్ద తలగుడ్డ, భుజాన గొంగడి. మాటలు తక్కువ.

రిమోట్ దాచిన మర్నాడు సాయంత్రం ఆ సోమప్పే కుళ్ళాయమ్మను గొంగట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు.

పిల్ల జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతనూ తడిసి ముద్దయ్యాడు.

భారతి పరుగున ఎదురెళ్ళింది. "ఏమైంది పాపా?"

పిల్ల తల్లి వైపు చూసింది. సోమప్ప వైపు చూసింది.

"నాదే తప్పు తల్లీ" అన్నాడు సోమప్ప. "గొర్రెపిల్లల్ని కడుగుదామని పోతాంటి. పాపను నేనే కుంట కాడికి పిల్చుకపోయినా. ఆటకి నీళ్ళు చల్లినా."

అంతసేపటి భయమూ ఒక్కసారిగా కోపమైపోయింది.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? దాన్ని ఆడికి పోనీకుండా నేను కాపలా కాస్తాంటే, నువ్వు చెయ్యి పట్టుకోని పిల్చుకపోతావా? జారి పడింటే నా బిడ్డను ఎవురు తెచ్చిస్తురు?"

"తప్పే తల్లీ."

"తోలుకో నీ మంద! మళ్ళా నా చేను గట్టు మింద కనపడొద్దు."

"పొద్దు గూకతాండాది. తెల్లారి పోతాలే తల్లీ."

"ఇంకొక్క గడియ గూడా వద్దు!"

అతను వాదించలేదు. పొయ్యి మీద సంగటి ఉడుకుతూనే ఉంది. భారతి పెట్టలేదు, అతను అడగలేదు.

పోతూ పోతూ వాకిట్లో ఆగాడు. "పాపదేం తప్పు లేదు తల్లీ. దానికి టీవీ మాత్రం తీసెయ్యొద్దు."

"అదంతా నీకెందుకు? పో!"

తప్పు తనది కాదని తేలిపోయింది కాబట్టి కుళ్ళాయమ్మకు ఆ పూట టీవీ దక్కింది. బొమ్మలు ఎగిరి గంతులేస్తున్నా పిల్ల నవ్వలేదు. జ్వరమేమోనని భారతి నుదురు పట్టుకుని చూసింది.

రెండు రోజుల తర్వాత ఎవరో ఒకతను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నా పేరు శివప్ప. సోమప్ప తమ్ముణ్ణి. మాయన్న మందను ఈడే నిలిపినాడంట గదమ్మా?"

"అవును. ఏం?"

"మొన్న చీకట్లో రోడ్డు మింద పోతాంటే లారీ కొట్టేసింది. ఆస్పత్రికి చేరేలోగానే పాయ."

భారతి గడప మీద కూర్చుండిపోయింది. ముద్ద సంగటి కూడా పెట్టి పంపలేదే అన్న మాటే ముందు గుర్తొచ్చింది.

"చీకటి పడినాక మాయన్న మందను రోడ్డు ఎక్కించే మనిషి కాదు" అన్నాడు శివప్ప. "ఎందుకు తోలినాడో తెలీక అడుగుదామని వచ్చినా."

"నేనే తోలమంటి అన్నా" అంది భారతి. "నా బిడ్డను కుంట కాడికి పిల్చుకపోయి నీళ్ళల్లో ఆడించినాడు. కన్నదాన్ని, నాకు కోపం రాదా?"

శివప్ప వింతగా చూశాడు.

"మాయన్నా? కుంట కాడికా? చిన్నప్పుడు బావిలో మునిగి బతికినోడమ్మా. అప్పట్నుంచి నీళ్ళంటే వణుకు. ఈత రాదు. గొర్రెల్ని కడగాలన్నా నేనే దిగల్ల."

లోపల టీవీ మోగుతోంది. భారతి లేచి వెళ్ళి ఆపేసింది. కుళ్ళాయమ్మ బిక్కచచ్చి గోడకు ఆనుకుంది.

"నిజం చెప్పు పాపా. ఆ పొద్దు కుంట కాడ ఏమైంది?"

"చెప్తే టీవీ బంద్ చేస్తావు."

"చెయ్యను."

"ఒట్టా?"

"నీ మీదొట్టు."

వాకిట్లో మనిషికి వినపడకుండా పిల్ల తల్లి చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేనే పోయి నీళ్ళల్లో పడితినిమా. తాత తలగుడ్డను గట్టు మింద పాతిన రాతికూసానికి కట్టి, అది పట్టుకోని, వణుక్కుంటా గొంతు దాకా దిగి నన్ను బయటికి లాగినాడు... అమ్మకు చెప్పొద్దు తాతా, టీవీ బంద్ చేస్తాదని నేను ఏడిస్తే, 'ఏడవొద్దులే, నా మింద చెప్పుకుంటాలే' అన్నాడు."