కోడిపిల్ల బొమ్మ

"మీ తమ్ముడు పైన దొంగనోట్లు గానీ అచ్చు వేస్తున్నాడేమో, కాస్త కనుక్కో" అంది దర్జీ భార్య, బజారులో ఎదురైన అక్కతో. తమ్ముడు అద్దెకుంటున్న ఇంట్లో కింది వాటా ఆవిడది. పై గదిలో ఏదో యంత్రం రాత్రీ పగలూ గుయ్యిమంటూనే ఉంటుందట. మనిషి గదిలో లేకపోయినా ఆపడట.

కూరల సంచితో పాటు ఆ మాట కూడా మోసుకుంటూ అక్క తన ఇంటికి వచ్చేసరికి, ఆ తమ్ముడే ముందుగది గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. పొద్దున ఫోన్ చేసి రమ్మన్నది ఆమే. బావ పిలిచే రకం కాదు. కలిసి చేసే పనిలో మాటామాటా వచ్చి తమ్ముడు వెళ్లిపోయినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ముందుగదే బావ వర్క్‌షాపు. గుడ్లు పొదిగే పెట్టెలకు వేడిని అదుపు చేసే బోర్డులు తయారుచేస్తాడు. ఒక కోళ్ల షెడ్డు నుంచి వచ్చిన పెట్టె నేల మీద ఉంది, లోపల గుడ్లతో సహా. దాని బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు బల్ల మీద సిద్ధంగా ఉంది. ప్రోగ్రాము ఎక్కిస్తే తప్ప అది పలకదు.

"నెట్‌లో మన ప్రోగ్రాములుండే సైటు సాయంత్రం మూసేస్తారట" అన్నాడు బావ, భార్య వైపు తిరిగి. "ప్రోగ్రాములన్నీ మన కంప్యూటర్‌లోకే దించుకోవాలట. పొద్దున తెర మీద పడింది. చెప్పు మీ తమ్ముడికి."

"వాడికి చెవులున్నాయి లెండి."

తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తెర మూలన తను ఒకప్పుడు పెట్టిన కోడిపిల్ల బొమ్మ అలాగే ఉంది. బావకు తెలిసిందల్లా ఆ బొమ్మ నొక్కడమే. నొక్కితే సైటు తెరుచుకుంటుంది.

ప్రోగ్రాములు దించడం చిటికెలో అయిపోయింది. అవి ఇక్కడ కుదురుకోవడమే గగనమైంది. సైటులో అయితే ప్రోగ్రాముకు తోడు కావలసిన చిన్న ప్రోగ్రాములు, లైబ్రరీలన్నీ అక్కడే ఉండేవి, వండి వడ్డించినట్టు. ఇక్కడ పొయ్యి దగ్గర్నుంచి ఉప్పు దాకా మనమే సమకూర్చుకోవాలి. ప్రోగ్రామును బోర్డుకు అర్థమయ్యేలా మార్చే కంపైల్ నొక్కితే తెర నిండా ఎర్ర అక్షరాలు. వేడి కొలిచే సెన్సరు లైబ్రరీ లేదంది. అది పెడితే తేమ కొలిచేది లేదంది. దాన్ని కొత్తది తెచ్చి పెడితే, పాత ప్రోగ్రాముతో నాకు పొసగదు పొమ్మంది.

"అచ్చం మీ అమ్మగారూ నేనూ లాగా" అంది అక్క.

తమ్ముడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టాడు. ఆ ప్రోగ్రాములు అడిగే పాత లైబ్రరీలు ఒక్కటి కూడా తక్కువ కాకుండా అందులో ఉన్నాయి.

"ముందే తెలిసినట్టు మూట కట్టుకొచ్చాడే" అన్నాడు బావ గోడకు చెబుతున్నట్టు.

"గుడ్లు చల్లబడతాయి. ఆ పెట్టె మీద ఇంకో దుప్పటి కప్పు బావా."

బావ లేచి కప్పాడు.

కిటికీలోంచి పడిన ఎండ బల్ల దిగి నేల మీదికి జారింది. పెట్టుకున్న టీలు మీగడ కట్టాయి. ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. చివరికి తమ్ముడు లేచి నెట్ వైరు పీకేశాడు.

"అదెందుకు పీకడం?" ఈసారి బావ నేరుగానే అడిగాడు.

"అది లేకుండా నడవాలనే కదా ఈ తంటా అంతా."

మళ్లీ కంపైల్ నొక్కాడు. ఎరుపు రాలేదు. ప్రోగ్రాము బోర్డులోకి ఎక్కింది. దాన్ని పెట్టెకు తగిలించగానే రిలే స్విచ్చి టక్కుమంది, లోపల బల్బు వెలిగింది. బావ పెట్టెలో చెయ్యి పెట్టి, వెచ్చదనం తగిలేదాకా అలాగే ఉంచి, గోడకు చేరగిలబడ్డాడు.

ఊపిరి తిరగ్గానే నోరూ తిరిగింది.

"నెట్ ఉండగా ఈ గోలంతా మనకెందుకని ఆ రోజు నేనంటే, మీ తమ్ముడికి కోపం వచ్చి వెళ్లిపోయాడు. సైటు ఇవాళో రేపో మూస్తారన్నాడు. ఏదీ? అతను వెళ్లాక ఒక్క పూటైనా ఆగిందా? నిక్షేపంలా నడిచింది. ఇప్పుడు ఉన్నట్టుండి మూసేస్తారట. ఆ సైటు వాళ్లకు మనుషులంటే లెక్కే లేదు."

"ఇక వదిలెయ్యండి. వాడి మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో" అంది అక్క.

తమ్ముడు నెట్ వైరును చుట్టగా చుట్టి బల్ల మీద పెట్టాడు.

"ఆ సైటు నేను వెళ్లిన నెలకే మూసేశారు బావా. అలాంటిదే ఒకటి నా కంప్యూటర్‌లో పెట్టుకుని, వెళ్లేరోజే కోడిపిల్ల బొమ్మని మా గదికి తిప్పి వెళ్లాను. ఇన్నాళ్లూ నువ్వు తెరుస్తున్నది నా మంచం పక్కనున్న పాత కంప్యూటర్‌ని. దాని రొదకి నాకు నిద్ర ఉండటం లేదు, ఇవాళ ఆపేస్తున్నాను."