ఎదురు మెట్ల మీది మనిషి

"అన్నా, వాడే! మళ్ళీ వచ్చాడు."

న్యూస్ రీడర్ కర్టెన్ సందులోంచి చూసి చటుక్కున వెనక్కి జరిగింది. 

"ఎవడో పనిలేనివాడై ఉంటాడ్లే," అన్నాడు ఓనరు. అంటూనే లేచి వచ్చి చూశాడు.

అదొక లోకల్ కేబుల్ ఛానల్. టైర్ల కొట్టు పైన రెండు గదులు. ఓనరే కెమెరామన్, ఓనరే ఎడిటర్. ఆవిడే రిపోర్టర్, ఆవిడే న్యూస్ రీడర్, ఎవరైనా వస్తే టీ పెట్టేదీ ఆవిడే. చెప్పుల షాపు ప్రకటనలతో బండి ఎలాగో నడిచిపోయేది.

అలాంటి ఛానల్‌కి ఒకరోజు ఫోన్ వచ్చింది. మాట మాటకీ దగ్గు.

"రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు విషపు నీళ్ళన్నీ మన తాగునీటి చెరువులోకి వదిలేస్తున్నారమ్మా. రాత్రి డ్యూటీలో నా కళ్ళతో చూశాను. నా పేరు మాత్రం అడక్కు. తెలిస్తే నన్ను బతకనివ్వరు."

"మీ పేరు గానీ మొహం గానీ ఎక్కడా బయటికి రావు బాబాయ్. పూచీ నాది," అని మాటిచ్చింది.

ఆయన చెప్పిన చోటికే వెళ్ళి వీడియో తీశారు. వార్త వచ్చాక ఊరంతా గగ్గోలు. ఫ్యాక్టరీ వాళ్ళు ఛానల్ మీద పళ్ళు నూరారు.

బాబాయ్ మళ్ళీ ఫోన్ చేశాడు.

"జాగ్రత్త తల్లీ. నీ మీదికి ఎవణ్ణో పంపాలని అనుకుంటుంటే విన్నాను. ఒంటరిగా ఉండకు."

ఆ మర్నాడే ఎదురు మెట్ల మీద ఈ మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఛానల్ గుమ్మం మీంచి చూపు తిప్పితే ఒట్టు.

ఓనరు కిటికీలోంచి కెమెరా జూమ్ చేశాడు.

"కళ్ళు చూడు, నిప్పుల్లా ఉన్నాయి! పొద్దున్నే తాగొచ్చినట్టున్నాడు."

ఆ మనిషి ఉన్నట్టుండి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు.

"మొహం దాచుకుంటున్నాడు, దొంగ వెధవ!"

"నాకు భయంగా ఉందన్నా. ఇంటికెలా వెళ్ళను? పోలీసులకి చెబుదాం."

"చెప్పాను. ఏదైనా జరిగాక రమ్మన్నారు."

ఆవిడకి ఏడుపొచ్చింది.

"ఛానల్ చేతిలో పెట్టుకుని భయపడతావేంటమ్మా? వీడి మొహం ఊరందరికీ చూపించేద్దాం. ఆ తర్వాత నీ జోలికి ఎలా వస్తాడో చూస్తా!"

సాయంత్రం బులెటిన్‌లో మొదటి వార్త అదే. తెర నిండా ఆ మనిషి మొహం.

"మా కార్యాలయం ఎదుట కాపు కాస్తున్న ఈ వ్యక్తిని మీరు గుర్తుపట్టారా?"

ఒక్క మాట తడబడకుండా చదివింది.

గంట గడిచాక కర్టెన్ తీసి చూసింది. మెట్లు ఖాళీ.

"అమ్మయ్య! పోయాడన్నా, పీడా వదిలింది!"

ఆ రోజు టీ ఓనరే పెట్టాడు. రెండు గుక్కలు తాగిందో లేదో, ఫోన్ మోగింది. ముందు దగ్గు వినిపించింది.

"బాబాయ్! మీరు చెప్పింది నిజమే. వాళ్ళు పంపినవాణ్ణి టీవీలో వేసేశాం. దెబ్బకి పరార్!"

అవతల దగ్గు ఆగలేదు. దాని వెనక ఎవరో తలుపు దబదబా బాదుతున్న చప్పుడు.

"బాబాయ్, ఎవరది? ఎక్కడున్నారు మీరు?"

"ఇంట్లోనే. ఫ్యాక్టరీ వాళ్ళు టీవీ చూశారమ్మా, వచ్చేశారు. నువ్వు మాత్రం ఎవరొచ్చినా తలుపు తియ్యకు తల్లీ. ఇక నేనక్కడ ఉండను."

"ఎక్కడ ఉండరు?"

అడిగిందే గానీ, ఆవిడ చూపు అప్పటికే ఖాళీ మెట్ల మీదికి పోయింది. 

"ఒక్కదానివే ఉంటావని ఆ మెట్ల మీద కాపలా కూర్చున్నది నేనే... నా మొహం ఎక్కడా చూపించనని మాటిచ్చావు కదమ్మా."