మొక్కు దీపం

"దీపం ఆర్పుండ్రమ్మా! ఎంటనే!" ఇంద్రసేన గుమ్మంలోంచే అరిచాడు.

రత్నమాల రెండు చెవులూ మూసుకుంది. "అశుభం పలక్కు! దేవుడి దీపాన్ని అలా అంటారా?"

"ఎట్లంటే ఏంది? పై ఇంట్ల సిలిండర్ లీకైతున్నది. ఆళ్లు తాళమేసుకొని పోయిన్రు. గ్యాస్ కిందికే దిగుతది. ఈడ మంట తగిలిందంటే బిల్డింగే పేలిపోతది!"

అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం పాడైంది. బాగయ్యేదాకా ఎక్కడా నిప్పు పుట్టకుండా చూడ్డానికి ఇంద్రసేనను కాపలా పెట్టుకున్నారు. పెట్టుకున్నారే గానీ, సిగరెట్ కాల్చొద్దంటాడని, మెట్ల మీద సామాన్లు తీయిస్తాడని అతనంటే అందరికీ ఒళ్లుమంటే.

"నా కూతురు మహిత నారాయణగూడ ఆస్పత్రిలో నొప్పులు పడుతోంది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఈ దీపం కొండెక్కనివ్వనని అమ్మవారికి మొక్కుకున్నాను. కాదనడానికి నువ్వెవడివి? పోయి గేటు దగ్గర కూర్చో!"

"మీరు ఆర్పకుంటే నేనే బకెట్ నీళ్లు గుమ్మరిస్త."

"గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతాను!" తలుపు ధడాలున మూసుకుంది.

ఇంద్రసేన రెండు చేతులతోనూ తలుపు బాదాడు. "అందరు కిందికి దిగిన్రు. మీ ఒక్కరి మొక్కు కోసం మంది పాణాలు తీస్తరా?"

ఎంత బాదినా తెరవలేదు. అతనికి కోపం నషాళానికంటింది. ఇక తలుపు పగలగొట్టాల్సిందే అనుకుంటుండగా తెరుచుకుంది. రత్నమాల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కొండెక్కింది. వచ్చి చూసుకో. మహితకేమన్నా అయితే నా ఉసురు నీకు తగులుతుంది."

ఇంద్రసేన చెప్పులు విడిచి లోపలికెళ్లాడు. దేవుడి గూట్లో వత్తి నల్లగా మాడి, సన్నగా పొగ వదులుతోంది. వంటింట్లో స్టవ్ ఆపే ఉంది. అతని గుండె చివుక్కుమంది.

"నడువుండ్రి కిందికి" అన్నాడంతే.

వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. "పురిటి మొక్కు చెడగొట్టాడు, పాపిష్టివాడు!" పక్కింటి కమల అతనికి వినిపించేలాగే అంది. ఇంద్రసేన తల తిప్పుకున్నాడు.

అప్పుడే గ్యాస్ మెకానిక్ శ్రావణ్ చిక్కడపల్లి ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ బండి దిగాడు. వెంట తాళాలు తీసే ముసలాయన.

"అన్నా, లోపల ఏడనన్న మంట ఉన్నదా?"

"నిప్పురవ్వ సుత లేదు. అన్ని ఇండ్లు నేనే చూసిన. బేఫికర్ పో."

ఇద్దరూ గబగబా మెట్లెక్కారు.

రత్నమాల ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి అల్లుడు ఫణికిరణ్. ఆమె ఇంద్రసేన వైపు గుర్రుగా చూసి, పక్కకు తిరిగి గొంతు తగ్గించింది. అయినా అతనికి ప్రతి మాటా వినిపించింది.

"కంగారుపడకండి అల్లుడుగారూ, మొక్కు తప్పలేదు. ఈ మొండివాడి కోసం గూట్లో దీపం కొండెక్కించాను గానీ, ముందే దాంతో ఇంకో ప్రమిద వెలిగించి నా చీరల బీరువాలో దాచొచ్చాను."